వందలో ఎంతమందికి మేలు? కీమోకు ముందు చెప్పాల్సిన లెక్క

రొమ్ము క్యాన్సర్ అని తేలగానే ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: "కీమో ఎప్పుడు మొదలుపెడతారు?" ఈ మనిషికి దానివల్ల ఎంత మేలు అని అడిగేవాళ్లు తక్కువ. ఆ మేలును అంకెల్లో చెప్పకుండా మొదటి డోసు ఎక్కించకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

"కీమోతో రిస్క్ మూడో వంతు తగ్గుతుంది" అంటారు. వినడానికి చాలా పెద్ద మాట. ఒకే రకమైన రిపోర్టున్న వందమందిలో 45 మందికి జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉందనుకుందాం. మూడో వంతంటే 15 మంది గట్టెక్కుతారు. అదే ప్రమాదం ఆరుగురికే ఉంటే గట్టెక్కేది ఇద్దరు. మిగిలిన 98 మందిలో 94 మందికి ఎలాగూ తిరగబెట్టేది కాదు, నలుగురికి కీమో చేసినా తిరగబెడుతుంది. కానీ జుట్టు రాలడం, వాంతులు, తెల్ల రక్తకణాలు పడిపోవడం ఆ వందమందికీ తప్పకపోవచ్చు. రెండు చోట్లా డాక్టరు చెప్పేది మాత్రం అదే "మూడో వంతు".

ఈ తేడా ఎంతటిదో 2018లో వెలువడిన టైలర్‌ఎక్స్ అనే అధ్యయనం ఫలితాలు చూపించాయి. హార్మోన్ పాజిటివ్ (హార్మోన్లతో పెరిగేది), హెర్‌2 నెగెటివ్ (హెర్‌2 అనే ప్రోటీన్ ఎక్కువగా లేనిది), చంకలోని లింఫ్ గ్రంథులకు పాకని క్యాన్సర్ ఉన్న సుమారు 10 వేల మందిపై చేసిన పరీక్ష అది. కణితిలోని 21 జన్యువులను చూసి స్కోరు వేశారు; స్కోరు పెరిగేకొద్దీ జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. 11 నుంచి 25 మధ్య వచ్చినవాళ్లలో కొందరికి కీమోతో పాటు హార్మోన్ మాత్రలు (హార్మోన్ల ప్రభావాన్ని అడ్డుకునేవి), కొందరికి మాత్రలే ఇచ్చారు. తొమ్మిదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు కీమో వైపు 84.3 శాతం, మాత్రల వైపు 83.3 శాతం. 50 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు వాళ్లలో, స్కోరు 16 లేదా అంతకన్నా ఎక్కువైతే మాత్రం కీమోతో కొంత లాభం కనిపించింది.

"అనుమానం ఉంటే గట్టిగానే కొట్టాలి, అంకెలు చెబితే పేషెంట్ బెదిరిపోతుంది" అనే డాక్టర్లున్నారు. ట్రిపుల్ నెగెటివ్‌లో, అంటే హార్మోన్, హెర్‌2 పరీక్షలన్నీ నెగెటివ్ వచ్చిన రకంలో, హార్మోన్ మాత్రలు పనిచేయవు, అక్కడ కీమోయే ప్రధాన ఆయుధం. హెర్‌2 పాజిటివ్‌లో హెర్‌2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందుతో కలిసి అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. కాదనను. అంత మేలున్నప్పుడు అంకె చెబితే ధైర్యమే వస్తుంది కదా!

ఏ కీమో అన్నదీ అంతే ముఖ్యం. ఎర్రగా ఉండే డాక్సోరుబిసిన్ మోతాదు పెరిగేకొద్దీ గుండెకు ముప్పు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు అది లేని డోసిటాక్సెల్, సైక్లోఫాస్ఫమైడ్ జోడీ తమకు సరిపోతుందేమో అడగాలి. వారం వారం ఎక్కించే పాక్లిటాక్సెల్ నరాల మీద పడుతుంది. పన్నెండు వారాలయ్యేసరికి మా పిన్నికి వేళ్ల కొసలు మొద్దుబారి, చొక్కా బొత్తాలు చూసుకుంటూ పెట్టుకోవాల్సి వచ్చింది. కుట్టుపని చేసే మనిషి! తిమ్మిరి మొదలవగానే చెబితే మోతాదు మార్చే వీలుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు అండాలు దాచుకునే అవకాశం గురించి మొదటి డోసుకు ముందే చెప్పాలి. తర్వాత చెప్పి లాభం తక్కువ.

నన్ను ఇంతకన్నా బాధపెట్టేది వేరే ఉంది. పిన్ని గదిలోనే ఉంది, డాక్టరు మాత్రం బాబాయితోనే మాట్లాడారు. "ఆమెకు టెన్షన్ పెట్టకండి" అన్నారు. ప్రేమతోనే అన్నారు, కానీ సూది గుచ్చుకునేది ఆమె ఒంటికి. చివర్లో కాగితం మాత్రం ఆమె ముందే పెట్టారు, సంతకం ఆమెదే కావాలి కాబట్టి.

వయసు, కణితి సైజు, గ్రేడు (కణాలు ఎంత మారిపోయాయో చెప్పేది), గ్రంథులు, హార్మోన్, హెర్‌2 వివరాలు ఇస్తే చాలామందికి కీమోతో బతికే అవకాశం ఎంత, లేకుండా ఎంత అని లెక్కగట్టే ప్రెడిక్ట్ లాంటి సాధనాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. డాక్టరుకు పట్టేది కొద్ది నిమిషాలే. అంగీకార పత్రంలో సంతకానికి పైన ఆ రెండు అంకెలకూ గళ్లు ఉండాలి. అవి నింపి, ఆమెకు అర్థమయ్యేలా చెప్పాకే పెన్ను చేతికివ్వాలి.