లోడ్ పెరిగిందా, నీళ్లు దిగిపోయాయా?

కరెంటు చార్జీలు పెరిగినప్పుడల్లా బిల్లు మీద కొట్లాడతాం. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో ఎవరు, ఏ లెక్కతో తేల్చారని మాత్రం అడగం.

ప్రభుత్వ విద్యుత్ రంగంలో మొదట లోడ్, అంటే ఎంత కరెంటు కావాలో, అంచనా వేస్తారు, దానికి తగ్గట్టు ప్లాంట్లు, సబ్‌స్టేషన్లు కడతారు. అంచనా తప్పితే వేసినవాళ్లకు పోయేదేమీ లేదు. కరెంటును 1948లో జాతీయం చేసిన బ్రిటన్‌లో 1965లో డంజెనెస్-బి అణు కేంద్రానికి ఆర్డరిస్తే, కరెంటు వచ్చేసరికి 1983 అయింది. మన రాష్ట్ర విద్యుత్ బోర్డులు 3 శాతం రాబడి చూపాలని చట్టం పెట్టిన నిబంధనా అప్పట్లో అంతంతమాత్రమే. ప్రభుత్వ సబ్సిడీని కలుపుకుంటే పాసైపోయేవి! 1999లో మన రాష్ట్ర బోర్డును విడగొట్టారు, చార్జీలు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) వచ్చింది. అంచనాల అలవాటు మాత్రం పోలేదు.

బోర్డే లేకపోతే మారుమూల పల్లెలకు లైను ఎవరు వేసేవారని అడుగుతారు. నిజమే, ప్రైవేటువాడు వేసేవాడు కాదు. అంతమాత్రాన లెక్క అడగకూడదని కాదుగా.

తిరుపతి కేంద్రంగా నడిచే కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ సంగతే చూద్దాం. ఏళ్ల తరబడి రైతుల మోటార్లకు మీటర్లు లేవు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర రీడింగు తీసి మొత్తం వాడకాన్ని లెక్కగట్టారు. పలమనేరు, పుంగనూరు వైపు బోరు వెయ్యి అడుగులకు దిగింది. అవే నీళ్లను రెట్టింపు లోతు నుంచి తోడాలంటే కరెంటూ దాదాపు రెట్టింపు కావాలి. ఐదు హార్స్‌పవర్ మోటారు చాలక రైతు పెద్దది దించుతాడు. సప్లై రాగానే ఆటో స్టార్టర్లతో మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. రైతులు చందాలు వేసుకుని దాన్ని ట్రాక్టర్ మీద రిపేరు షెడ్డుకు తీసుకెళ్తారు. ఫైల్లో మాత్రం ఇదంతా ‘లోడ్ వృద్ధి’! దాన్నే చూపించి కొత్త సబ్‌స్టేషన్ అడుగుతారు. పంట ఒక్క ఎకరా పెరగకుండానే పెట్టుబడి పెరుగుతుంది.

2004లో వచ్చిన ఉచిత కరెంటే దీనికంతటికీ కారణమని నగరాల్లో కూర్చుని తిట్టేవాళ్లకు చెరువు గుర్తురాదు. పాత చిత్తూరు జిల్లాలో వేల చెరువులున్నాయి, ఒకటి నిండి మరవ పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా కట్టినవి. వాటి కాలువలు పూడిపోయాయి, కొన్ని ప్లాట్లయ్యాయి. పూడిక తీస్తే భూగర్భజలం పైకొస్తుంది, మోటారు మీద భారం తగ్గుతుంది. అది కూడా విద్యుత్ పెట్టుబడే. కానీ చెరువు ఒక శాఖది, కరెంటు ఇంకో శాఖది. ఈఆర్‌సీ ఈసారి తిరుపతిలో ప్రజాభిప్రాయం అడిగినప్పుడు, కొత్త సబ్‌స్టేషన్ కోరే ప్రతి ఫైల్లో ఆ మండలం చెరువుల స్థితి, పదేళ్ల భూగర్భజల మట్టం జతచేయమని మనం పట్టుబట్టాలి.