ఎనిమిది పోర్టుల పీఓఈ స్విచ్ గారి సముఖమునకు

కెమెరాలకు ఒకే తీగలో కరెంటునూ బొమ్మనూ నడిపించే మహారాజశ్రీ పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) స్విచ్ గారి సముఖమునకు, కడప నుండి మీ యజమాని (బిల్లు మీద అలాగే ఉంది) అనేక నమస్కారములతో వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మొన్న మంగళవారం రాత్రి మా మెట్ల కింద నుంచి నిండు గ్యాస్ సిలిండర్ మాయమైనందువల్ల, ఈ పక్కన కుశలమని రాయడానికి చేయి రావడం లేదు. తమరు మాత్రం అవే మెట్ల కింద, కడప బండ అర మీద, పచ్చ దీపాలు మిణుకుమిణుకుమనిపిస్తూ క్షేమంగానే ఉన్నారు. అంత దూరం వచ్చిన దొంగ తమరిని ముట్టుకోకుండా వెళ్లాడంటే, కొనేటప్పుడు నాకు లేని వివేకం అతనికి ఉందని ఒప్పుకోవలసిందే.

సిలిండర్ రాకను తమరి చలవతో కెమెరా ఎంత ముచ్చటగా పట్టిందో చెప్పాలి. సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు అబ్బాయి దాన్ని అంచు మీద దొర్లించుకుంటూ గేటు దాటడం, చిల్లర లేదంటూ జేబులు తడుముకోవడం, చివరికి అతని చొక్కాకు ఊడిపోయిన రెండో గుండీ, అన్నీ అద్దంలో చూసినట్లున్నాయి. 6 గంటల 52 నిమిషాలకు బొమ్మ నల్లబడింది. కాసేపటికి వచ్చింది, మళ్లీ పోయింది, తెల్లవారేదాకా అదే దోబూచులాట. వచ్చిన సిలిండరుకు సాక్ష్యముంది, పోయినదానికి లేదు. ఎదురింటి పెద్దాయన ఆ రికార్డింగు మొత్తం ఓపికగా చూసి, "పగటిపూట దొంగతనానికి వచ్చేవాడైతే నీకు తప్పక దొరుకుతాడులే నాయనా" అని ఓదార్చి వెళ్లారు.

తమరి పెట్టె మీద బొటనవేలంత అక్షరాలతో "8 పోర్టులు, పోర్టుకు 30 వాట్లు" అని అచ్చువేశారు. ఎనిమిది ముప్పైలు 240 అని ఎక్కాలు చదువుకున్న ప్రతివాడూ అనుకుంటాడు. నేనూ అనుకున్నాను. తమరిని బోర్లించి, కళ్లజోడు తీసి, ఫోను లైటు వేసి చూస్తే, నువ్వుగింజంత అక్షరాలలో "మొత్తం బడ్జెట్ 65 వాట్లు" అని ఉంది. అంటే ఎనిమిది విస్తర్లు పరిచి, రెండు విస్తర్లకు సరిపడా అన్నం వండి, వచ్చినవారందరికీ కడుపునిండా భోజనమని గుమ్మంలో బోర్డు పెట్టారన్నమాట.

పగలు ఈ గుట్టు బయటపడదు. గోడలకున్న ఐదు కెమెరాలు తలా 5 వాట్లు, మిద్దె మీద తిరిగే కెమెరా 12 వాట్లు, మొత్తం 37. బిగించిన పిల్లవాడు మధ్యాహ్నం రెండు గంటల ఎండలో ఆరు బొమ్మలూ చూపించి డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. చీకటి పడగానే కెమెరాలలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. అప్పుడు ఐదింటికీ తలా 9 వాట్లు, మిద్దె మీది దానికి 22, వెరసి 67. రెండు వాట్లు ఎక్కువయ్యేసరికి తమరు చివరి పోర్టు పీక నొక్కుతారు. అది పోగానే లెక్క 58కి దిగుతుంది. చోటు దొరికిందని తమరు దాన్ని మళ్లీ లేపుతారు. అది 5 వాట్లతో కళ్లు తెరుస్తుంది, 63, బాగానే ఉంది. దీపం వెలిగించుకుంటుంది, 67, మళ్లీ పీక నొక్కుతారు. రాత్రంతా ఇదే పని. పనివాడు అన్నిటికన్నా చివర బిగించినందువల్ల ఆరో పోర్టులో ఉన్నది గేటు కెమెరా.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దలు అన్నారు. తమరు నా డబ్బుతో వచ్చిన నావారే కదా స్వామీ! కడబంతిలో కూర్చున్న ఆ ఒక్క కెమెరాకూ ఎందుకు పెట్టలేదు? పైగా తమరు అడగకుండా పెట్టే రకం కాదు. తీగ కలపగానే ముందుగా చిన్న వోల్టేజీ పంపి, అవతల ఉన్నది తమరి జాతిదేనా, దాని ఆకలి ఏ తరగతిది అని విచారించి, ఆ తరువాతే 48 వోల్టుల వడ్డన మొదలుపెడతారు. కెమెరాను ఇంత మర్యాదగా అడిగి తెలుసుకున్నవారు, చాలడం లేదని ఇంటివాడికి ఒక్క మాట చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా? ఆ చివరి పోర్టు దీపం ఆరిపోవడమే కబురట. మెట్ల కింద పడుకుని ఆ దీపాన్ని రాత్రంతా చూస్తూ కూర్చునేవాడికి కెమెరాలెందుకు?

తమరి పరివారం గురించి ఎక్కువ రాయను. రాగి తీగ అని అమ్మిన కేబుల్‌ను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం బయటపడింది. అందులో కరెంటు దారిలోనే ఖర్చయిపోతుంది. తమరి వీపు మీది "250 మీటర్లు" అనే మీట నొక్కితే దూరం పెరగడం నిజమే, కాని వేగం 10 మెగాబిట్లకు పడిపోతుందన్న సంగతి పెట్టె మీద లేదు. దుకాణదారును వాట్ల గురించి అడిగితే, "అవన్నీ మీకెందుకు సార్, ఎనిమిది పోర్టులున్నాయి కదా" అన్నాడు.

తమరి వంశానికి ఈ అబద్ధం పుట్టుకతో వచ్చిందీ కాదు. ఇలా తీగలో కరెంటు పంపే పద్ధతికి 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే ప్రమాణం, పోర్టు దగ్గర 15.4 వాట్లిస్తే తీగ చివరకు 12.95 వాట్లే చేరతాయని ముందే లెక్క వేసి చెప్పింది. 2009లో వచ్చిన 802.3ఏటీ కూడా 30 ఇచ్చి 25.5 చేరుతుందనే చెప్పింది. తాతలు దారిలో పోయే వాట్లను సైతం దాచుకోలేదు. మనవడు ఇంట్లో లేని వాట్లను పెట్టె మీద అచ్చువేయించుకున్నాడు.

తమరిని పారవేయడానికీ మనసు రావడం లేదు. మిద్దె మీద మే నెల ఎండలో ఆరు అడాప్టర్లు పెట్టి, ఒక్కొక్కటీ మాడినప్పుడల్లా నిచ్చెన ఎక్కిన రోజులు నాకు గుర్తున్నాయి. తమరు వచ్చాక కరెంటూ బొమ్మా ఒకే తీగలో నడుస్తున్నాయి. కరెంటు పోయినా, ఇన్వర్టరు ఉన్నంతసేపూ ఆరు కళ్లూ తెరిచే ఉంటాయి. పగలైతే. కాబట్టి 120 వాట్ల స్విచ్ కొనేవరకు తమరే గతి అని తీర్మానించుకుని, నిన్న సాయంత్రం గేటు కెమెరా తీగను మొదటి పోర్టులోకి, మిద్దె కెమెరాను రెండో పోర్టులోకి మార్చి, పెరటి కెమెరాను ఆరో పోర్టులో గుచ్చాను.

ఇట్లు,
చీకటి పడగానే వాకిట్లో కుర్చీ వేసుకుంటున్న
తమ యజమాని

తా.క. రాత్రంతా గేటు పగటిలా కనిపించింది. పొద్దున చూస్తే పెరట్లో అరటి గెల లేదు.