వీడియో చూస్తే వెల్డింగ్ వచ్చేస్తుందా?

ఆన్‌లైన్ బెటరా, కొంత ఆన్‌లైన్ కొంత కాలేజీ కలిపిన హైబ్రిడ్ బెటరా, రోజూ కాలేజీకి వెళ్లడమే బెటరా అని ఒకేషనల్ కోర్సులన్నిటినీ ఒకే గాటన కట్టి అడుగుతుంటారు, అక్కడే తేడా కొడుతుంది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగులు గీయడం) లాంటివైతే ఆన్‌లైన్‌లో నడిచిపోతాయి, ఎందుకంటే అక్కడ వర్క్‌షాప్ అంటే స్క్రీనే కదా.

కరెంటుతో రాడ్‌ని కరిగించి ఇనుప ప్లేట్లు అతికే స్టిక్ వెల్డింగ్ అలా కాదు. రాడ్ కొనకీ ప్లేటుకీ మధ్య గ్యాప్, అంటే ఆర్క్ మండే చోటు, దాదాపు రాడ్ మందమంత ఉండాలని వీడియోలో పది సెకన్లలో చెప్పేస్తారు, అంటే 3.15 మిల్లీమీటర్ల రాడ్‌కి సుమారు 3 మిల్లీమీటర్లు. వినడానికి ఈజీనే, కానీ రాడ్ కరిగి కురచైపోతుంటే చెయ్యి దాంతోపాటే కిందికి దిగుతూ ఉండాలి, మళ్లీ అదే టైంలో ఒకే స్పీడులో పక్కకీ జరగాలి, మరీ దగ్గర పెడితే అతుక్కుపోతుంది, దూరం జరిగితే స్పాటర్, అంటే కరిగిన లోహపు తుంపర, చిందేస్తుంది. అనుభవమున్న సార్ అయితే అటువైపు తిరిగి ఉండి కూడా చప్పుడు విని "ఆర్క్ పెరిగింది, దించు" అనేస్తారు. ఆ మాట ఆ క్షణంలో పడాలి. ఫోన్‌లో షూట్ చేసి అప్‌లోడ్ చేస్తే రెండ్రోజులకి కామెంట్ వస్తుంది, ఈలోపు తప్పే చేతికి అలవాటైపోతుంది. కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుని ఉత్తుత్తి వెల్డింగ్ చేసే వీఆర్ సిమ్యులేటర్లు ఉన్నాయిగా అంటారేమో, ఉన్నాయి, యాంగిల్, స్పీడ్ ప్రాక్టీసుకి మంచివే, రాడ్లూ ప్లేట్లూ ఆదా, కానీ వేడి తగలదు, నిప్పురవ్వలకి ఉలిక్కిపడకుండా చెయ్యి ఆపుకోవడం అందులో రాదు.

అలాగని ఆఫ్‌లైన్ అంతా గొప్పేం కాదు లెండి. లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ చుట్టూ ముప్పై మంది నిలబడితే వెనకున్నోళ్లకి సార్ వీపు తప్ప ఏం కనిపిస్తుంది? టూల్ సెట్ చేయడం క్లోజప్ వీడియోలో ఆపి ఆపి, వెనక్కి తిప్పి చూసుకోవడమే నయం. చూపించే పని వీడియోకి, చేయించి సరిదిద్దే పని వర్క్‌షాప్‌కి వదిలేస్తే హైబ్రిడ్ నిజంగానే పనిచేస్తుందని నా అభిప్రాయం.

హైబ్రిడ్‌ని మెచ్చుకునేవాళ్లు 2010లో అమెరికా విద్యాశాఖ వేసిన మెటా అనాలిసిస్ (చాలా అధ్యయనాల ఫలితాల్ని కలిపి లెక్కగట్టిన రిపోర్టు) చూపిస్తారు, ఆన్‌లైన్, క్లాస్‌రూం రెండూ కలిపి చదివినోళ్లు సగటున కాస్త మెరుగ్గా చేశారని అందులో ఉన్నమాట నిజమే. కానీ వాళ్లకి చదివే టైమూ మెటీరియలూ ఎక్కువ దొరకడం కూడా కారణం కావచ్చని అందులోనే రాశారు, ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

అసలు నా బాధ అదే. థియరీ ఆన్‌లైన్‌కి పోతే మిగిలిన గంటలు మిషన్ దగ్గరికి రావాలి, రాకుండా టైంటేబుల్ లోంచే మాయమైతే అది హైబ్రిడ్ ఎలా అవుతుంది, ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టుకున్న పేరు తప్ప. అందుకే అడ్మిషన్ కౌంటర్ దగ్గర ఆన్‌లైనా ఆఫ్‌లైనా అని కాదు, వారానికి నా చేతిలో టూల్ ఎన్ని గంటలుంటుంది, ఒక్కో మిషన్‌కి ఎంతమంది అని అడగండి.