అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు తీసే ముందు

ఇక్కడ అమెరికాలో సిటిజన్‌షిప్ చేతికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, కోసం ఐ-130 అనే దరఖాస్తు పెట్టడం. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన అమెరికా పౌరులు తల్లిదండ్రులకు పెడితే, అన్నదమ్ములకు పెట్టినట్టు ఏళ్ల తరబడి క్యూలో ఉండక్కర్లేదు. ఆ సులువు చూసే తొందరపడుతున్నాం. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నల్గొండ జిల్లాలో ఇల్లూ పొలమూ చూసుకుంటూ ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే గడపాలనుకునే పెద్దలకు గ్రీన్ కార్డు తీయొద్దు. వాళ్లకు విజిటర్ వీసా చాలు. ఇక్కడే ఉండిపోతామని వాళ్ల నోటితో వాళ్లు అన్నాకే గ్రీన్ కార్డు మాట ఎత్తాలి.

హాలియా దగ్గరి ఊరి నుంచి డాలస్ వచ్చిన ఒక పెద్దాయన నాకు తెలుసు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలం, పక్కనే కొంత బత్తాయి తోట. కాలువకు నీళ్లు వదిలారని ఫోన్ వస్తే ఆయన కాలు ఇక్కడ నిలవదు. "నాట్లు పడంగనే వస్త బిడ్డా" అని కొడుక్కి చెప్పి పోతాడు. కోతలు అయి, వడ్లు సర్కారు కొనే ఐకేపీ సెంటర్‌లో కాంటా అయి, పైసలు ఖాతాలో పడేదాకా రాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన బతుకు అక్కడుంది. కానీ ఆయన జేబులో ఉన్నది గ్రీన్ కార్డు. ఒకసారి తిరిగొచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో పక్క గదిలో కూర్చోబెట్టి, ఇన్ని నెలలు ఎక్కడున్నావని అడిగారు. ఆయనకు ఇంగ్లీషు రాదు, పొద్దుటి నుంచి బీపీ మాత్ర వేసుకోలేదు, బయట కొడుక్కి ఒకటే టెన్షన్.

ఆరు నెలలు దాటి బయట ఉండి వస్తే ఇలాంటి ప్రశ్నలు మామూలే. ఏడాది దాటితే కార్డు ఒక్కదానితో లోపలికి రానివ్వరు. ముందుగా రీఎంట్రీ పర్మిట్, అంటే తిరిగి రావడానికి అనుమతి కాగితం, తీసుకుని ఉండాలి. ఆ పర్మిట్‌కు అమెరికాలో ఉండగానే అప్లై చేయాలి, మామూలుగా రెండేళ్ల దాకా చెల్లుతుంది. ఊరెళ్లాక గుర్తొస్తే లాభం లేదు. ఇంకొకటి, మన పెద్దలందరికీ ముందే చెప్పి పంపాల్సింది: ఐ-407 అనే ఫారం ముందు పెట్టి సంతకం చేయమంటే చేయాల్సిన పని లేదు. గ్రీన్ కార్డు నాకు నేనుగా వదులుకుంటున్నాను అని రాసిచ్చే కాగితం అది. సంతకం పెట్టనని, ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని అనే హక్కు వాళ్లకుంది. ఆ ఒక్క మాటైనా ఇంగ్లీషులో చీటీ మీద రాసి పాస్‌పోర్టులో పెట్టండి.

ఇక డబ్బుల సంగతి. "గ్రీన్ కార్డు ఉంటే అక్కడ ముసలోళ్లకు సర్కారే వైద్యం చేయిస్తదట, నెలనెలా పైసలిస్తదట" అనే మాట ఊళ్లో గట్టిగా వినిపిస్తుంది. మనమూ దాన్ని సరిదిద్దడం లేదు. అరవై అయిదు నిండినా, గ్రీన్ కార్డుతో వరుసగా అయిదేళ్లు ఇక్కడ నివాసం ఉంటేనే మెడికేర్ అనే సర్కారు వైద్య బీమా కొనుక్కునే వీలు వస్తుంది. కొనుక్కునే అన్నాను, ఉచితం కాదు. మామూలుగా ఇక్కడ పదేళ్లు ఉద్యోగం చేసి పన్ను కట్టినవాళ్లకు, వాళ్ల భార్యకో భర్తకో మాత్రమే మెడికేర్‌లో ఆసుపత్రి ఖర్చు చూసే పార్ట్ ఏ ఉచితం. మన తల్లిదండ్రుల్లాంటి వాళ్లకు 2025లో పార్ట్ ఏ నెలకు 518 డాలర్లు, డాక్టర్ ఫీజులు చూసే పార్ట్ బీ 185 డాలర్లు ఉండేవి. ఇద్దరికీ కలిపి నెలకు 1,400 డాలర్ల పైమాటే. మన జీతంలోంచి కోసిన సోషల్ సెక్యూరిటీ మన లెక్కకే పోతుంది, దాన్ని చూపి వాళ్లకు పార్ట్ ఏ ఉచితంగా తెచ్చుకోలేం. పేదలకిచ్చే సర్కారు వైద్య సాయం మెడికెయిడ్‌కు కూడా 1996 చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లు అడ్డం ఉంది. కొన్ని రాష్ట్రాలు సొంత ఖర్చుతో ఇస్తాయి, టెక్సస్ వాటిలో లేదు. పైగా ఐ-864 అనే పోషణ హామీ పత్రం మీద మనం పెట్టే సంతకం వాళ్ల పోషణకు మనల్ని చట్టపరంగా కట్టేస్తుంది. మన ఉద్యోగం పోయినా ఆ బాధ్యత పోదు.

అటు ఊళ్లో తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి పది లక్షల దాకా వైద్యం ఉంది. రిటైరైన సర్కారు టీచర్‌కు ఉద్యోగుల వైద్య పథకం ఈహెచ్ఎస్ ఉంది. మెడికేర్ మాత్రం మామూలుగా అమెరికా గడప దాటదు. కాబట్టి ఏడాదిలో ఎనిమిది నెలలు ఊళ్లో ఉండే మనిషికి నెలనెలా ప్రీమియం కట్టడం డబ్బు పారబోయడమే.

అన్నిటికంటే తక్కువమంది పట్టించుకునేది పన్ను. గ్రీన్ కార్డు ఉన్న మనిషి ఎక్కడున్నా అతని ప్రపంచమంతటి ఆదాయం అమెరికా లెక్కలోకి వస్తుంది. వ్యవసాయ ఆదాయానికి ఇండియాలో ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ఇక్కడ ఆ మినహాయింపు లేదు. కౌలు పైసలు, మిర్యాలగూడ బ్యాంకులో ఎఫ్‌డీ మీద వడ్డీ, పింఛను, అన్నీ చూడాల్సిందే. ఆదాయం తక్కువైతే పన్ను పడకపోవచ్చు. కానీ ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల రిపోర్టు వేయాలి. పొలం అమ్మి ఎఫ్‌డీ చేసిన ఇంట్లో ఆ హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. జరిమానాలు చిన్నవి కావు.

విజిటర్ వీసాకు కష్టాలు లేవని నేననను. వచ్చిన ప్రతిసారీ మామూలుగా ఆరు నెలలే, ఇన్సూరెన్స్ మనమే కొనాలి. ఆ ఇన్సూరెన్స్ కాగితాల్లో పాత జబ్బులకు కవరేజీ లేదనే ముక్క చదవకుండా సంతకం చేయొద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లం మనమూ, మన ముందు తరమూ. వంగిన నడుము, పట్టేసిన మోకాళ్లు ఇన్సూరెన్స్ వాళ్ల దృష్టిలో పాత జబ్బే. ఎక్స్‌రేలు, మోకాళ్ల వైద్యం అక్కడే చేయించి, మూడు నాలుగు నెలల మందులు, డాక్టర్ చీటీ పెట్టుకుని రమ్మనాలి.

ఇక్కడే ఉండిపోవడానికి సిద్ధపడిన వాళ్లకైతే ఆలస్యం చేయొద్దు. అరవైకే తెస్తే అరవై అయిదుకు మెడికేర్ అయిదేళ్లు నిండుతాయి. డెబ్భై రెండుకు తెస్తే డెబ్భై ఏడు దాకా మన జేబే దిక్కు. వయసు లెక్కలో కూడా కాగితం మీద ఉన్నదే చెల్లుతుంది. బడికి పోని అమ్మలకు ఆధార్‌లో జనవరి 1 అని పడి ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకటి, పట్టా పాస్ పుస్తకంలో ఒకటి ఉంటే ముందే సరిచేయించాలి.

ఈ విషయాలు మన అసోసియేషన్ తెలుగులో, పెద్దలు వచ్చి కూర్చున్న హాల్లో చెప్పించాలి. సభల్లో ఇమిగ్రేషన్ లాయర్‌ను పిలిచిన ప్రతిసారీ హెచ్-1బీ ఉద్యోగ వీసా ప్రశ్నలతోనే టైమ్ అయిపోతోంది. ఆ పక్కనే పన్నుల లెక్కలు తెలిసిన మనిషిని, మెడికేర్ తెలిసిన మనిషిని కూర్చోబెట్టి తల్లిదండ్రుల కోసం ఒక పూట కేటాయించండి.

చివరిగా కొడుకులకు, కూతుళ్లకు ఒక మాట. నాయినకూ అమ్మకూ చెరొక ఐ-130 పెట్టాలి, ఒకరి దాంట్లో ఇంకొకరు రారు. అంటే ఇద్దరినీ విడివిడిగా అడిగే అవసరం చట్టమే కల్పించింది. నాయిన మనసు పొలం మీద ఉండొచ్చు, అమ్మ మనవలను వదలలేకపోవచ్చు. మనవలనెత్తుకుని మురిసే అమ్మకు ఇక్కడి చలికాలం నాలుగు గోడల మధ్య గడవకపోనూ వచ్చు. ఐ-130 పెట్టాక కొత్తగా విజిటర్ వీసా అడిగితే అమెరికాలోనే ఉండిపోతారేమోనని కాన్సులేట్‌లో అనుమానిస్తారు. కాబట్టి అడగాల్సినదేదో ఫారం పంపకముందే, ఫోన్ స్పీకర్‌లో పెట్టకుండా, ఒక్కొక్కరినే అడగండి.