పడిన ప్రతి ధరా చవక ధర కాదు

స్టాక్ మార్కెట్ నాలుగు రోజులు వరుసగా పడిందంటే చాలు, ఒక సందేశం ఫోన్ల నిండా తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: మార్కెట్ ఎంత పడినా మళ్లీ లేచి తీరుతుంది, కాబట్టి డబ్బు దగ్గర ఉంచుకుని పతనం కోసం కాచుకోవాలి, కొన్న షేరు ఇంకా పడితే మరిన్ని కొని సగటు ధర తగ్గించుకోవాలి, పేరుమోసిన అమెరికా మదుపరి వారెన్ బఫెట్ చేసిందీ ఇదే, కావలసిందల్లా ధైర్యం. పతనంలో కొనడమే తప్పని నేను అనను. తక్కువ ధరకు కొన్నవారికి ఎక్కువ మిగులుతుందన్నది లెక్కకు తేలే విషయమే. ఈ మాటల్లో ఒక్కొక్కదాన్ని విడదీసి చూసినప్పుడే చిక్కు బయటపడుతుంది.

లేచి తీరుతుందనేవారు ఎప్పటికి లేస్తుందో చెప్పరు. 2020లో అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ (పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి చూపే అంకె) ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23లోగా దాదాపు మూడో వంతు పడి, ఆగస్టులోనే పాత గరిష్ఠాన్ని దాటింది. ఈ సందేశం పంపేవారిలో చాలామంది చూసిన పతనం అదొక్కటేనేమో. అదే దేశంలో 1929 సెప్టెంబరులో 381 దగ్గరున్న డౌ జోన్స్ సూచీ నవంబరు మధ్యకల్లా 199కి దిగింది. సగం ధరకే వస్తున్నాయని అప్పుడు కొన్నవారికి మరుసటి ఏప్రిల్ దాకా లాభమే కనిపించింది. 1932 జులైలో సూచీ 41కి చేరేసరికి వారి పెట్టుబడిలో మిగిలింది సుమారు ఐదో వంతు. 1929 నాటి గరిష్ఠాన్ని సూచీ మళ్లీ అందుకున్నది 1954 నవంబరులో. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరు 29న 38,915 వద్ద ముగిసి, ఆ అంకెను దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. మధ్యలో వచ్చిన డివిడెండ్లను, అంటే కంపెనీలు లాభంలోంచి వాటాదారులకు పంచే సొమ్మును, కలుపుకుంటే ఈ నిరీక్షణ కొంత తగ్గుతుంది, నిజమే. అయినా ముప్పై ఏళ్ల వయసులో కొన్నవారు ఉద్యోగ విరమణ దాకా ఎదురుచూడవలసి వచ్చే అవకాశాన్ని ఆ సందేశం ఎక్కడా ప్రస్తావించదు.

కాచుకుని కూర్చోవడానికీ ఖర్చుంటుంది. సూచీ 100 దగ్గరున్నప్పుడు కొనకుండా ఆగినవారి కళ్ల ముందే అది 200కి పెరిగి, తర్వాత 30 శాతం పడిందనుకుందాం. వారు ఇన్నాళ్లూ ఎదురుచూసిన పెద్ద పతనం వచ్చినట్టే. కాని ధర 140. నెలనెలా కొంత కొంటూ పోయినవారిని ఈ బెంగ అంతగా బాధించదు, ఎందుకంటే పతనంలోనూ వారి వంతు కొనుగోలు దానంతటదే జరిగిపోతుంది.

సగటు తగ్గించుకోవాలన్న సలహా అన్నింటికన్నా ప్రమాదకరమైనది, ఎందుకంటే అది సూచీకి ఉన్న గుణాన్ని విడి షేరుకు అంటగడుతుంది. సూచీ నుంచి బలహీనపడిన కంపెనీలను తీసేసి కొత్తవాటిని చేరుస్తూ ఉంటారు. అది కోలుకోవడానికి ఒక కారణం ఇదే. విడి కంపెనీకి ఆ వెసులుబాటు లేదు. 2008లో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమాన్ బ్రదర్స్ షేరు నెలల తరబడి దిగుతూ వచ్చింది. దిగిన ప్రతిసారీ కొని సగటు తగ్గించుకున్నవారి దగ్గర, సెప్టెంబరు 15న ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసేనాటికి, విలువ కోల్పోయిన షేర్లే మరింత ఎక్కువగా పోగుపడ్డాయి. ఇప్పటికే 80 శాతం పడింది, ఇంకేం పడుతుందని అడుగుతుంటారు. మొత్తం 90 శాతం పడిన షేరు కూడా ఒకప్పుడు 80 శాతం పడిన చోటుకు వచ్చి, అక్కడి నుంచి మళ్లీ సగమైనదే: 100 నుంచి 20కి, 20 నుంచి 10కి.

ఇక బఫెట్ సంగతి. 2008 సెప్టెంబరులో ఆయన సంస్థ మరో పెట్టుబడి బ్యాంకు గోల్డ్‌మన్ శాక్స్‌లో 500 కోట్ల డాలర్లు పెట్టింది. కొన్నది మార్కెట్లో అందరికీ దొరికే షేర్లను కాదు, ఏటా 10 శాతం డివిడెండు ఇచ్చే ప్రిఫరెన్స్ షేర్లను, అంటే సాధారణ షేర్లకన్నా ముందుగా డివిడెండు అందే షేర్లను. వాటితోపాటు 115 డాలర్లకు సాధారణ షేర్లు కొనుక్కునే హక్కునూ పొందింది. రెండు నెలల్లో ఆ సాధారణ షేరు ధర 115లో సగంకన్నా కిందికి పోయినా ఆయన డివిడెండు ఆగలేదు. అలాంటి షరతులు మామూలు మదుపరికి ఎవరూ ఇవ్వరు.

ధైర్యం ఒక్కటే చాలదు, చేతిలో సొమ్ముండాలి. మార్కెట్ కుప్పకూలే కాలంలోనే ఉద్యోగాలూ పోతాయి, వ్యాపారాలూ మందగిస్తాయి. పతనంలో కొనాలని దాచిన డబ్బు ఇంటి ఖర్చులకు కరిగిపోతుంది. అప్పు చేసి కొన్నవారి పరిస్థితి మరీ కష్టం. షేర్ల విలువ నిర్ణీత స్థాయికన్నా తగ్గితే బ్రోకరు అదనపు మార్జిన్ (హామీ సొమ్ము) కట్టమంటాడు, కట్టకపోతే తానే అమ్మేస్తాడు. మరుసటి వారమే మార్కెట్ లేచినా, ఆ ఖాతాలో లేవడానికి షేర్లంటూ ఉండవు.