ఆదిత్య చూసేదీ మనం చూసేదీ ఒకే వైపు

2024 మే 20న సూర్యుడి మీద ఓ భారీ జ్వాల ఎగసింది. శాస్త్రవేత్తల అంచనా ఎక్స్12. ఎక్స్ అంటే జ్వాలల్లో అత్యంత బలమైన తరగతి, పక్క అంకె పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది. అంతకు వారం కిందట మనవైపు నమోదైన ఎక్స్8.7 కన్నా పెద్దదన్నమాట. అయినా భూమి దగ్గరున్న ఎక్స్‌రే పరికరాలకు అది చిక్కలేదు. పేలింది అవతలి ముఖం మీద మరి. అప్పుడు అటువైపున్న ఐరోపా వ్యోమనౌక సోలార్ ఆర్బిటర్‌లోని స్టిక్స్ పరికరం దాన్ని పట్టుకుంది.

సూర్యుణ్ణి గమనించే మన వ్యోమనౌక ఆదిత్య ఎల్1 ఉంది కదా అనొచ్చు. శ్రీహరికోట నుంచి వెళ్లి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కూర్చుంది. నిజమే. కానీ సూర్యుడున్నది 15 కోట్ల కిలోమీటర్ల అవతల. పైగా అది ఉన్న ఎల్1 అనే బిందువు ఉండేది సూర్యుడికీ భూమికీ మధ్య గీత మీదే. మన ఆదిత్య, భూమి చుట్టూ తిరిగే చైనా ఏఎస్ఓ-ఎస్, అమెరికా ఫెర్మీ... ఎన్ని ఉన్నా కోణం ఒక్కటే. బౌలర్ వెనక మూడు కెమెరాలు పెట్టినా రనౌట్ తేలదు, పక్కనుంచి ఒకటి చూడాలి.

పక్కచూపుతో ఏం తేలుతుంది? జ్వాల రేగినప్పుడు పైనున్న కరోనాలో, అంటే సూర్యుడి బయటి వాతావరణంలో, వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు అయస్కాంత వలయాల వెంట కిందికి దూసుకొచ్చి దట్టమైన పొరను గుద్దుకుంటాయి. బలమైన ఎక్స్‌రేలు ఎక్కువగా పుట్టేది అక్కడే. ఆ వెలుగు ముందు వలయం పైభాగంలోని మసక వెలుగు కనబడదు. అదే జ్వాల ఒక నౌకకు సూర్యుడి అంచు వెనక పడిందనుకోండి, గట్టు వెనక గడ్డివాము తగలబడుతున్నట్టే. మంట మరుగున ఉంటుంది, పైన ఎర్రటి వెలుగు మాత్రం తెలుస్తుంది. మంటను రెండో నౌక చూస్తుంది.

లెక్కలు మాత్రం అంత తేలిక కాదు. సోలార్ ఆర్బిటర్ సూర్యుడికి బాగా దగ్గరైనప్పుడు జ్వాల వెలుగు మనకన్నా దాదాపు ఆరు నిమిషాల ముందే దానికి చేరుతుంది, పన్నెండు రెట్ల తీవ్రతతో. ఇవన్నీ సరిచేశాక కూడా రెండు పరికరాల లెక్కల్లో తేడా మిగిలితే, అది ఎలక్ట్రాన్లు దూసుకెళ్లిన దిశ వల్లా, డిటెక్టర్ల కాలిబ్రేషన్ (కొలతల సరిచూపు) వల్లా? అసలు తలనొప్పి ఇదే.

ఆదిత్యలోని ఎక్స్‌రే పరికరం హీలియోస్ ఫొటో తీయదు. ఏ క్షణాన ఎంత శక్తి గల ఎక్స్‌రేలు వచ్చాయో చెబుతుంది. ఎక్కణ్ణుంచి వచ్చాయో స్టిక్స్ చూపిస్తుంది. అందుకే ఈ రెంటినీ జతచేసి చదవాలి. నన్నడిగితే, మన తర్వాతి ఎక్స్‌రే పరికరం ఇంతకన్నా పెద్దది కానక్కర్లేదు, పక్కకు వెళ్తే చాలు. భూమికి 60 డిగ్రీలు వెనక నడిచే ఎల్5 అనే బిందువు దగ్గరికి ఐరోపా విజిల్ (Vigil) అనే వ్యోమనౌకను పంపబోతోంది. అక్కణ్ణుంచి మనవైపు తిరగబోయే సూర్యమచ్చలు నాలుగైదు రోజుల ముందే కనిపిస్తాయి. అయినా మే 20 నాటి జ్వాల మాత్రం ఎల్5కీ అందేది కాదు, మరీ వెనక్కి ఉంది.