తెరకెక్కని పాఠం

ఓపెన్ పాఠానికి, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకుని పంచుకోవచ్చని రాసినవాళ్ళే వదిలేసిన పాఠానికి, పైసా ఖర్చు లేదు. కాకపోతే దాన్ని లాప్‌టాప్‌లోంచి గోడ మీదికి చేర్చేసరికి 50 నిమిషాల పీరియడ్‌లో సగం హారతి కర్పూరం.

గొడవ కేబుల్ దగ్గర మొదలవుతుంది. ప్రొజెక్టర్ నుంచి వేలాడేది పాతరకం 15 పిన్నుల వీజీఏ కేబుల్, లెక్చరర్ గారి లాప్‌టాప్‌కి ఉన్నది కొత్తరకం హెచ్‌డీఎంఐ రంధ్రం. ల్యాబ్ అసిస్టెంట్ పరుగున వెళ్ళి ఓ కన్వర్టర్ తెస్తాడు. తీరా చూస్తే అది వీజీఏని హెచ్‌డీఎంఐగా మార్చేది. కావలసింది దానికి తలకిందులు. కేబుల్ చివరా పిన్నులే, కన్వర్టర్ మూతికీ పిన్నులే. రెండూ మాటల్లేని వియ్యంకుల్లా ఒకదాన్నొకటి చూసుకుంటాయి. అసలుది దొరికి బొమ్మ పడ్డాక ఇంకో సంగతి బయటపడుతుంది: వీజీఏ శబ్దాన్ని మోయదు. వీడియోలో మాట్లాడే పెద్దమనిషి గోడ మీద పెదవులాడిస్తుంటాడు, గొంతు మాత్రం ముందు బెంచీకే పరిమితం. 3.5 మి.మీ. ఆడియో వైరు విడిగా ఉండాలి. అది ఎప్పుడూ పక్క గదిలోనే ఉంటుంది.

తర్వాత బొమ్మ గోడ మీద ఎలా పడాలో ఎంచుకోవడానికి విండోస్ మీట, పీ కలిపి నొక్కాలి. రెండు చోట్లా ఒకే బొమ్మ చూపే డూప్లికేట్ బదులు గోడను రెండో తెరగా వాడే ఎక్స్‌టెండ్ పడిందా, ఒక్కోసారి ప్రెజెంటర్ వ్యూ (నోట్సు చెప్పేవాళ్ళకి మాత్రమే చూపే ఏర్పాటు) తిరగబడి స్లయిడ్లు లాప్‌టాప్‌లోనూ, లెక్చరర్ గారి సొంత నోట్సు గోడ మీదా ప్రత్యక్షమవుతాయి. 'ఇక్కడ చిన్న జోకు' అన్న లైను చూసి, జోకు పడకముందే క్లాసంతా నవ్వేస్తుంది. మందు పైనున్న డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోనే ఉంది, స్వాప్ (తారుమారు చెయ్యి) అని. కానీ అంతమంది నవ్వుతుంటే అది ఎవరికి కనబడుతుంది?

సాయంత్రం ఆ స్లయిడ్లను మూడుల్‌లో, అంటే పాఠాలూ అసైన్‌మెంట్లూ పెట్టే కాలేజీ వెబ్‌సైటులో, పెట్టబోతే లైసెన్సులు అడ్డు తగులుతాయి. కణం బొమ్మ కింద సీసీ బై-ఎన్‌డీ అని ఉంది, క్రియేటివ్ కామన్స్ అనే ఓపెన్ లైసెన్సుల్లో ఒకటి. ఉన్నదున్నట్టు పంచుకోవచ్చు, మార్చి పంచకూడదు. లెక్చరర్ గారేమో ఇంగ్లీషు పేర్లు చెరిపి తెలుగులో రాసేశారు. తన దగ్గరుంచుకుంటే ఫర్వాలేదు, పదిమందికీ పంచితేనే తంటా. గీత మీద గీత దిద్దకుండా సొంతంగా ఇంకో బొమ్మ గీసుకోవడమే దారి. పాఠం సంగతి ఇంకా చిక్కు. సగం బై-ఎస్‌ఏ (మార్చినా ఇదే లైసెన్సుతో పంచాలి) పుస్తకంలోది, సగం బై-ఎన్‌సీ-ఎస్‌ఏ (అదే షరతు, పైగా వ్యాపారానికి వాడకూడదు) పుస్తకంలోది. రెంటినీ కలిపి కొత్త పాఠం అల్లితే, మనవడికి తన పేరే పెట్టాలని ఇద్దరు తాతలూ పట్టుబట్టినట్టు, దానికి తన లైసెన్సే ఉండాలని దేనికది అంటుంది. ఏ తాతా తగ్గడు. విడివిడిగా రెండు ఫైళ్ళు, దేని లైసెన్సు దానికి, అంతే.

ఇంత చేసి అసైన్‌మెంట్ గడువు శుక్రవారం అని పెడతారు. టైము గడిలో ముందే ఉన్న 00:00ని ఎవరూ ముట్టుకోరు. అది శుక్రవారం ముగిసే ఘడియ కాదు, మొదలయ్యే ఘడియ. 23:59 పెట్టి ఉండాల్సింది. ఇక తీసుకోవద్దని చెప్పే కటాఫ్ తేదీ పెట్టలేదు గనక మూడుల్ పేపర్లు తీసుకుంటుంది, ఒక్కోదాని పక్కనా 'ఇన్ని గంటలు ఆలస్యం' అని ఎర్రగా ముద్ర కొట్టి మరీ. పొద్దున్నే స్టాఫ్‌రూమ్ గుమ్మంలో క్లాసు ఫస్టు పిల్ల నిలబడుతుంది.

"సార్, శుక్రవారం అన్నారుగా! మేం నిద్ర లేచేసరికే అయిపోయిందా?"